ముందు కుడికాలు

పోయిన నెల మద్రాసు పోతుంటే, దొరవారిసత్రం దాటాక ఒక చిన్న స్టేషనులో మా రైలు ఆగలేదు. ఆగేంత గొప్ప స్టేషను కాదది, ఏనాడూ కాదు. ప్లాట్‌ఫారం మీద పచ్చజెండా పట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. కిటికీల్లోని మా మొహాలు ఆయనకు పట్టలేదు. కొంచెం ముందుకు వంగి, కింద పరిగెత్తే చక్రాలనే చూస్తున్నాడు.

నేను గబుక్కున నా కాళ్ళు రెండూ సీటు కిందికి లాక్కున్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి తన కాలే తగిలిందేమోనని "సారీ అండీ" అన్నాడు. తప్పు ఆయనది కాదు. నాదీ కాదు. మా బావది.

ఆ స్టేషనుకు ఒకప్పుడు మా బావ మాస్టరు. మా అక్క మొగుడు. కొత్తగా నయాపైసలు వచ్చి, అణాలు ఇంకా జనం నోట్లోంచి పోని రోజులు. నేను బి.ఏ. పాసై, నెల్లూరులో ఉద్యోగం దొరక్క, దొరికేదాకా అని అక్క ఇంట్లో చేరాను. చేతిలో పట్టా ఉండేది, కిటికీలోంచి చూస్తే పట్టాలు కనిపించేవి. ఆ రెండూ కలిసి నన్ను ఎక్కడికీ తీసుకుపోలేదు. రోజూ వచ్చే బండ్లు మాత్రం ఠంచనుగా వచ్చి పోయేవి.

బావ సిగ్నలు స్తంభమంత పొడుగు. తెల్లకోటు, మెడలో ఈల, కోటు జేబుల్లో రెండు చేతిగుడ్డలు. ఎడమ జేబులో ఎర్రది, కుడి జేబులో పచ్చది. "జెండాలు రైల్వే వాళ్ళవి, గుడ్డలు నా సొంతం" అనేవాడు. ఆ గుడ్డలూ, ఆ ఈలా డ్యూటీ లేని రోజు కూడా ఆయన ఒంటి మీద ఉండాల్సిందే. భోజనం దగ్గర చాలనడానికి ఎర్రది చూపేవాడు, ఇంకాస్త వడ్డించమనడానికి పచ్చది. అక్కకు మొదట్లో నవ్వు, తర్వాత విసుగు, ఆ తర్వాత అలవాటు. ఒకసారి బావకు జలుబు చేసి, ముక్కు తుడుచుకోవడానికి చేతికందిన ఎర్రగుడ్డ తీశాడు. అక్క గరిటె వెనక్కి తీసుకుంది. ఆ జలుబు తగ్గేదాకా బావకు మారు అన్నం దొరకలేదు. నాకు మాత్రం రెండు వంతులు దొరికింది. జలుబులు ఒకరికి నష్టమైతే ఇంకొకరికి లాభమని ఆ వారమే తెలుసుకున్నాను.

డ్యూటీలో ఆయన చేసే పని ఒకటి నాకు కళ్ళకు కట్టినట్టుంది. ఆగకుండా పోయే బండి వచ్చినప్పుడు ప్లాట్‌ఫారం అంచున నిలబడి, ఇంజను దగ్గర్నుంచి చివరి గార్డు పెట్టె దాకా ఒక్క చక్రం వదలకుండా చూసేవాడు. ఇరుసు వేడెక్కితే పొగ వస్తుంది. దాన్ని 'హాట్ యాక్సిల్' అంటారు. కనిపెట్టి ఆపకపోతే బండి పట్టాలు తప్పుతుంది. చివరి పెట్టె దాటాక, గార్డు తన జెండా ఊపాక, "ఆల్ రైట్" అని తనకు తాను చెప్పుకునేవాడు. ఎవరూ వినకపోయినా చెప్పేవాడు. చెప్పాకనే ఊపిరి వదిలేవాడు.

ఇంత కళ్ళు పెట్టుకుని బండ్లను చూసే మనిషి, బండి కానిది ఇంకేదైనా సరే, చూడనని భీష్మించుకునేవాడు. బతుకంతా సిస్టం మీద నడవాలంటాడు. "లైను ఖాళీ అని టోకెను చేతికి రానిది డ్రైవరు బండి కదపకూడదు. ముందు లైను ఖాళీగానే ఉంటుందిలే అని ఎంత తెలివైనవాడు అనుకున్నా సరే, కదపకూడదు. మనిషి బుద్ధిని నమ్ముకుని ఉంటే ఈ పాటికి రైళ్ళన్నీ ఒకదాన్నొకటి ముద్దు పెట్టుకుని ఉండేవి, బామ్మర్దీ."

చేపలు కొనడంలో కూడా ఆయనకు సిస్టం ఉండేది. పులికాటు ఒడ్డు పల్లె నుంచి ఒక నడివయసామె బుట్ట నెత్తిన పెట్టుకుని స్టేషను మీదుగా వచ్చేది. బుట్టలో పైనుంచి మూడో చేప, అదీ బావ సిస్టం. ఏరకూడదు, తిప్పి చూడకూడదు. "ఏరితే బేరం, బేరమాడితే రభస. ఈలోపల బండి టైమైపోతుంది."

ఆమెకు ఈ సిస్టం అర్థం కావడానికి ఎన్నాళ్ళో పట్టలేదు.

"టేసనయ్యా, మూడోదేనా?"

"మూడోదే."

"మారాజువయ్యా. నీలాంటోళ్ళు ఊరికొకరుంటే మా బిడ్డలు బతికిపోతారు."

ఆ దీవెన ఎందుకో అక్క ఒకరోజు చేప మొప్ప ఎత్తి చూసి కనిపెట్టింది. "ఇటు చూడండి. తాజాదైతే మొప్ప ఎర్రగా ఉండాల. ఇది ఇటికెరాయి రంగుకు తిరిగింది. నిన్నటిది. మొన్నటిది కూడా కావచ్చు. ఆమె కావాలనే మూడోచోట పెడతా ఉంది."

బావ ఆలోచించాడు. "సిస్టంలో లోపం లేదు" అన్నాడు. "చేపలో ఉంది."

మర్నాటి నుంచి పైనుంచి నాలుగో చేప కొన్నాడు. నిన్నటి చేప కూడా ఆయనతో పాటే ఒక మెట్టు కిందికి దిగింది.

ఇక గుర్రాల సంగతి. మద్రాసు మన రాష్ట్రానికి దక్కలేదు గానీ మద్రాసు గుర్రాలు మనవాళ్ళను వదల్లేదు. చలికాలంలో పులికాటు మీదికి ఎర్రకాళ్ళ కొంగలు దిగే రోజుల్లోనే గిండీ మైదానంలోకి పందెపు గుర్రాలు దిగేవి. నెలలో రెండు శనివారాలు బావకు డ్యూటీ ఉండేది కాదు. పొద్దున్నే ప్యాసింజరెక్కి సెంట్రల్లో దిగి, రోడ్డు దాటి పార్కు స్టేషనులో కరెంటు రైలెక్కి, గిండీ చేరేవాళ్ళం. తోడు నేను. తోడు అన్నానే గానీ, మధ్యాహ్నం బావ పెట్టించే బిరియానీకి నేనే తోడు పోయేవాణ్ణి.

పందేనికి ముందు గుర్రాలను ఒక కంచె లోపల గుండ్రంగా నడిపిస్తారు. పాడక్ అంటారు దాన్ని. జనం కంచెకు ఆనుకుని చూసి, ఏ గుర్రం మీద కాయాలో తేల్చుకుని టిక్కెట్ల కిటికీ దగ్గరికి పరిగెత్తుతారు. నేను గొప్ప పరిశీలకుణ్ణి. చెవులు చూసేవాణ్ణి, తోక చూసేవాణ్ణి, జాకీ మొహంలో ఆత్మవిశ్వాసం వెతికేవాణ్ణి. ఒకసారి చెవులు నిక్కబొడుచుకున్న గుర్రాన్ని ఎంచాను. దానికి సంగీతం మీద చెవి ఉందని తర్వాత తెలిసింది. బ్యాండుమేళం దగ్గరికి రాగానే నడక తగ్గించి వింటూ వచ్చింది. ఇంకోసారి జాకీ చిరునవ్వును నమ్మాను. చివర వచ్చినప్పుడు కూడా అతను అట్లాగే నవ్వుతున్నాడు, మొహం తీరే అంత. నా తీర్పులకు అప్పీలు ఉండేది కాదు. తీర్పు గుర్రం మీద, శిక్ష నా మీద.

బావ మాత్రం పాడక్‌కు వీపు పెట్టి, సోడాల కొట్టు వైపు తిరిగి నిలబడేవాడు. గుర్రాన్ని చూడకూడదన్నది ఆయన సిస్టంలో మొదటి సూత్రం.

"ఒక్కసారి చూడు బావా, ఆ నల్లదాని ఒంటి నిగనిగ!"

"కన్ను లంచగొండి. తోక కొంచెం మెరిస్తే చాలు, సంతకం పెట్టేస్తుంది."

"మరి దేని మీద కాస్తావు?"

"ఒకటో నంబరు మీద."

ప్రతి పందెంలోనూ ఒకటో నంబరే. ఎందుకంటే, గుర్రాలన్నీ సమంగా పోటీ పడాలని మంచి గుర్రం మీద ఎక్కువ బరువు పెడతారు. జీనులో సీసం పలకలు దోపుతారు. అన్నిటికంటే ఎక్కువ బరువు మోసేదానికి ఒకటో నంబరు ఇస్తారు. బావ దీన్ని వేదవాక్యంగా తీసుకున్నాడు. మాది కిరస్తానీ ఇల్లు కాబట్టి సువార్తగా తీసుకున్నాడంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

"బరువెవరి మీద పెడతారు బామ్మర్దీ? మోసేవాడి మీద. అన్నీ తెలిసిన ఆఫీసరొకాయన కూర్చుని, లెక్కలు కట్టి, ఇదే అన్నిటికంటే గట్టిదని ఒప్పుకుని ఆ సీసం దాని మీద పెట్టినాడు. ఆయనకంటే నాకెక్కువ తెలుసా? నీకెక్కువ తెలుసా?"

నాకు ఎక్కువ తెలుసుననే నా నమ్మకం. బయటికి చెప్పలేదు, బిరియానీ ఇంకా తినలేదు.

కిటికీలోని గుమాస్తా బావను చూడగానే అడక్కుండానే ఒకటో నంబరు టిక్కెట్టు చింపి ఇచ్చేవాడు. పందెం నడిచేటప్పుడు కూడా బావ తిరిగి చూసేవాడు కాదు. జనం అరుపులు ఆగాక, "ఎవరు?" అని నన్నడిగేవాడు. గెలిస్తే ఒక తల ఊపు, ఓడితే ఇంకో తల ఊపు. రెంటికీ తేడా నాకు చివరిదాకా తెలియలేదు. మొత్తం మీద ఇద్దరం పోగొట్టుకునేవాళ్ళమే. ఆయనది ప్యాసింజరు నష్టం, అన్ని స్టేషన్లలో ఆగుతూ నెమ్మదిగా పోతుంది. నాది ఎక్స్‌ప్రెస్సు.

గెలిచిన రోజు బావ సెంట్రల్ దగ్గర అక్క కోసం హల్వా కొనేవాడు. అక్క దాన్ని ముట్టేది కాదు. మా నాయన పల్లెపల్లె తిరిగి వాక్యం చెప్పిన బోధకుడు. పందెం హల్వా ఆయన బిడ్డ గొంతు దిగదు. ఆ పొట్లం స్టేషను పోర్టరుకు పోయేది. ఒకటో నంబరు గెలవాలని మా పోర్టరు చేసినంత ప్రార్థన గిండీలో కూడా ఎవరూ చేసి ఉండరు.

అక్క పోట్లాడే మనిషి కాదు. కానీ ఆ ఏడాది గుర్రాల కాలం ముగియబోతుండగా, పెరుగు వడ్డిస్తూ ఒక మాట అంది.

"ఆఖరు శనివారం నేనూ వస్తా."

బావ చెయ్యి పచ్చగుడ్డ మీదికి పోబోయి ఆగింది. "యాడికి?"

"గిండీకి. ఆ రోజు పెద్ద పందెం ఉంటాదంట గదా, అది చూస్తా. మీ ఒకటో నంబరు గెలిస్తే జన్మలో మళ్ళీ నోరెత్తను. హల్వా కూడా తింటా. ఓడిపోతే మాత్రం మీరు మళ్ళీ గిండీలో కాలు పెట్టకూడదు."

"అక్కా! పందెం మానిపించడానికి పందెం కాస్తావా?" అన్నాను నేను.

"ఇది పందెం కాదురా, ఒప్పందం."

"ఒప్పుకున్న పందాన్నే ఒప్పందం అంటారు దొరసానీ" అన్నాడు బావ. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ పూట పెరుగు సగంలో వదిలి లేచాడు.

నాకు తెలుసు ఎందుకో. మిగతా రోజులన్నీ బండ్లు పోతుంటే నిలబడి చూసే మనిషి మా బావ. ఆ శనివారాలే తనూ బండెక్కి పోయే మనిషి. పార్కు స్టేషనులో కరెంటు రైలు కోసం నిలబడినప్పుడు ఆయన మొహం చూడాలి, సెలవులిచ్చిన బడి మాదిరి ఉండేది. అది పోతుందంటే పెరుగు ఎట్లా దిగుతుంది? నాకూ దిగలేదు. నేను బిరియానీ గురించి ఆలోచిస్తున్నాను.

ఆఖరు శనివారం అక్క ఆదివారపు చీర కట్టుకుని బయల్దేరింది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో టిఫిను క్యారియరు. బయటి తిండి తినదు కాబట్టి మమ్మల్నీ తిననివ్వదు. అంటే ఆ రోజు పందెం మొదలు కాకముందే నేను ఓడిపోయాను. రైలు కదలగానే అక్క కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది.

"ఏమని చేసినావు? నేను ఓడాలనా?" అని అడిగాడు బావ.

"ఓడాలనీ గెలవాలనీ దేవుణ్ణి అడుగుతారా? మీ కళ్ళు తెరిపించమన్నా."

గిండీలో మొదటి పందేలన్నీ అక్క గొడుగు కింద కూర్చుని, తల వంచుకుని, చెవులు మాత్రం తెరిచి గడిపింది. పెద్ద పందేనికి గుర్రాలను పాడక్‌లోకి తెచ్చారనగానే లేచింది. "చూడాల" అంది. బావ అప్పటికే ఒకటో నంబరు టిక్కెట్టు కొనుక్కుని వచ్చి, అలవాటు ప్రకారం సోడాల కొట్టు వైపు తిరిగి నిలబడ్డాడు. అక్కా నేనూ కంచె దగ్గర. మొగుడు తూర్పుకు, పెళ్ళాం పడమరకు. చూసేవాళ్ళు మా సంసారం గురించి ఏమనుకున్నారో.

"యాది మీది?" అంది అక్క, వెనక్కి తిరక్కుండానే.

"ఒకటి. ఎట్టుందో చెప్పబాక. నాకొద్దు."

"ఎర్రది, నుదుటన తెల్లబొట్టు. అయ్యో, దాని మీదేనా బరువంతా పెట్టినారు?"

"మంచిదాని మీదే పెడతారమ్మీ."

"అట్లయితే మనింట్లో ఒకటో నంబరు నేనేగా. నా మీద ఒక్కనాడూ కాయలేదే మీరు?"

పక్కనున్న తమిళాయనకు తెలుగు వచ్చినట్టుంది, పకపకా నవ్వాడు. బావ వీపు కూడా కదిలింది, నవ్వి ఉంటాడు.

నేను నా పరిశీలన మొదలుపెట్టాను. "ఒకటోది మంచి హుషారుగా ఉందక్కా. చూడు, తల ఎట్లా ఎగరేస్తా ఉందో! బావ ఈసారి గెలిచినట్టే."

 గుర్రం మా ముందు నుంచి ఒకసారి పోయింది. చుట్టు తిరిగి మళ్ళీ వచ్చింది. అక్క గొడుగు మూసింది. చేప మొప్ప ఎత్తేముందు ఎట్లా చూస్తుందో అట్లా చూసింది.

"హుషారు కాదురా అది. ముందు కుడికాలు నేలకు తగిలినప్పుడే తల ఎగరేస్తా ఉంది. నొప్పి."

మా నాయనకు గుర్రబ్బండి ఉండేది. పల్లెలకు దాని మీదే తిరిగేవాడు. అక్క చిన్నప్పుడు ఆ గుర్రం పక్కనే పెరిగింది. నేను ఆ గుర్రానికి భయపడి పెరిగాను. అందుకే ఇద్దరం ఒకే తలను చూసి ఆమె కాలు కనిపెట్టింది, నేను హుషారు కనిపెట్టాను.

నాకు సంగతి అర్థమయ్యాక అక్క చెయ్యి పట్టుకున్నాను. "ఊరుకో అక్కా! కుంటి గుర్రం ఎట్టాగూ ఓడుతుంది. నువ్వు గెలిచినట్టే గదా!"

అక్క నన్నొక చూపు చూసింది. ఆ చూపు సంగతి వదిలేద్దాం. వెనక్కి తిరిగి, "ఏమండీ, ఇటు తిరగండి" అంది.

"తిరగను. చూస్తే నా సిస్టం పోయె."

"మీరు చూడకుంటే గుర్రం పోయేట్టుంది. దాని ముందు కుడికాలు చూడండి. పొయ్యే బండి చక్రాలు చూడరూ? అట్ట చూడండి."

ఎన్నో శనివారాలుగా తిరగని మనిషి తిరిగాడు. కొంచెం ముందుకు వంగాడు. ఒకటో నంబరు మళ్ళీ మా ముందుకు వస్తోంది. బావ గుర్రం నిగనిగ చూడలేదు, నుదుటి బొట్టు చూడలేదు. నాలుగు కాళ్ళూ వరసగా చూసుకుంటూ వచ్చి ఒక కాలి దగ్గర ఆగాడు.

తర్వాత జరిగింది ఆయన చేశాడని నేననను. ఆయన చేతులు చేశాయి. కుడిచెయ్యి ఈల నోట్లో పెట్టింది. ఎడమచెయ్యి ఎర్రగుడ్డ తీసి తల మీదుగా ఎత్తి ఊపడం మొదలుపెట్టింది. గూడ్సుబండిని ఆపే ఈల అది. మద్రాసు గుర్రాలు అంతకు ముందు అట్లాంటిది విని ఉండవు. ఒకటి వెనకకాళ్ళ మీద లేచింది. ఒక జాకీ జీను వదిలి గుర్రం మెడ కౌగిలించుకున్నాడు. గుర్రాలవాళ్ళు కేకలు. జనం ఇటు పరుగు. తెల్లసూటు దొరబాబొకాయన కంచె లోపలి నుంచి ఎర్రబడిన మొహంతో వచ్చాడు.

"హూ ఆర్ యూ?"

బావ అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఎర్రగుడ్డ దించలేదు. "స్టేషన్ మాస్టర్, సర్!"

ఏ స్టేషనని అడిగి ఉంటే కథ అక్కడే అయిపోయేది. అడగలేదు. ఆ రెండు మాటల్లో ఉన్న అధికారానికి ఆయన ఒక్క క్షణం ఆగిపోయాడు.

"వాట్ ఈజ్ ద మాటర్?"

"హాట్ యాక్సిల్, సర్! నంబర్ వన్. ఫ్రంట్ రైట్!"

ఆ ఇంగ్లీషు ఆయనకు అర్థమైందో లేదో గానీ, బావ చెయ్యి చూపిస్తున్న వైపు మాత్రం చూశాడు. ఈలోగా గుర్రాల డాక్టరు అక్కడికి వచ్చి ఆ కాలు చేత్తో పట్టుకుని చూస్తున్నాడు. బావ ఈల వల్ల వచ్చాడో, ముందే కనిపెట్టి వస్తున్నాడో మాకు తెలియదు. ఆయన పని ఆయనకు రాకుండా ఉంటుందా! కాసేపటికి లౌడుస్పీకరులో చెప్పారు. ఒకటో నంబరు పరిగెత్తడం లేదు. దాని మీద కాసినవాళ్ళ డబ్బు వాపసు ఇస్తారు.

తెలుగు తెలిసిన తమిళాయన బావ చెయ్యి పట్టి ఊపేశాడు. ఆయనా ఒకటో నంబరు మీదే కాశాడట. గుర్రాలను బెదిరించినందుకు మాత్రం ఒక పోలీసాయన వచ్చి మమ్మల్ని గేటు దాకా సాగనంపాడు. మర్యాదగానే. అక్క టిఫిను క్యారియరు కూడా ఆయనే మోశాడు.

పెద్ద పందెం మేము లేకుండానే నడిచింది. గోడ అవతల జనం అరుస్తుంటే, గోడ ఇవతల నీడలో కూర్చుని మేము చేపముక్కలూ నిమ్మకాయ అన్నమూ తిన్నాం. అరుపులు ఆగాక అలవాటుగా బావ నా వైపు తిరిగి "ఎవరు?" అన్నాడు. ముగ్గురం నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాం. అక్కకు పొలమారింది. ఆ పందెం ఎవరు గెలిచారో నాకు ఈనాటికీ తెలియదు.

తిరుగు బండిలో బావ పాయింటు లేవదీశాడు. "నేను ఓడలా."

"గెలవనూ లేదుగా" అంది అక్క.

"ఒప్పందం ప్రకారం ఓడితేనే మానాల. కాబట్టి వచ్చే ఏడు నేను రావచ్చు. నువ్వు నోరెత్తచ్చు."

"వచ్చుకోండి."

బావే మళ్ళీ అన్నాడు. "నువ్వు ఊరుకొనుంటే గెలిచేదానివి గదమ్మీ. నా పీడా వదిలేది."

"నాయన గుర్రం అట్టే పోయింది. తల ఎగరేస్తా ఉంటే, ఇంకొక్క మైలు నడుస్తుందిలే అనుకున్నాం అందరం." అక్క గొడుగు పిడి తిప్పింది. "మీరు మాత్రం? తల తిప్పుకొని ఉంటే మీ సిస్టం నిలిచేదిగా. ఎందుకు ఊదినారు?"

"చూసినాక ఎట్టా ఊరుకుంటా?" అన్నాడు బావ, అదేం ప్రశ్న అన్నట్టు.

మరుసటి ఏడాది కొంగలు దిగాయి, గుర్రాలూ దిగాయి. మొదటి శనివారం ముగ్గురం బయల్దేరాం. బావ టిక్కెట్ల కిటికీ ముందు నుంచి నడుచుకుంటూ పోయాడు. లోపలి గుమాస్తా అలవాటుగా చింపిన ఒకటో నంబరు టిక్కెట్టు చేతిలో పట్టుకుని "సార్, సార్" అని పిలుస్తున్నాడు.

"ఏం బావా, కాయవా?"

"చూడకుండా కాయడం ఇంక నా వల్ల కాదు, మెడ తిరిగిపోయింది. చూసి కాస్తే నీ మాదిరి అయిపోతా. ఎందుకొచ్చిన బాధ?"

ఆ తర్వాత ఆయన గిండీకి పోయిందంతా పాడక్ కోసమే. కంచె పట్టుకుని కొంచెం వంగి, ఒక్కో గుర్రం ముందు నుంచి పోతుంటే నాలుగు కాళ్ళూ చూసి, "ఆల్ రైట్" అని మెల్లగా అనేవాడు. చివరి గుర్రం దాటాక ఊపిరి వదిలేవాడు. ఆయన ఎర్రగుడ్డ తీయకుండా చూసుకోవడానికి పక్కన అక్క ఉండేది. హల్వా ఇప్పుడు జీతం డబ్బుతో, గెలుపోటములతో పని లేకుండా, ప్రతిసారీ వచ్చేది. అక్క తినేది. పోర్టరు చిక్కిపోయాడు. చేపలామె మరీ కుంగిపోయింది. బావ ఒక్కో చేప మొప్ప ఎత్తి చూస్తుంటే, "బాగుండిన మడిసిని ఎవురో చెడగొట్టినారే" అని నా మొహం చూసేది.

నేను మాత్రం నా తీర్పులు చెప్తూనే ఉన్నాను, విడవలూరు బడిలో ఉద్యోగం వచ్చేదాకా. అక్కడ పిల్లల పేపర్ల మీద తీర్పు చెప్పే పని ఇచ్చారు. శిక్ష వాళ్ళకు పడింది.

ఎన్నో ఏళ్ళ తర్వాత, రిటైరై నెల్లూరులో ఉంటూ, మా బావ ఒక మధ్యాహ్నం భోజనం చేసి, చాలని ఎర్రగుడ్డ చూపి, కుర్చీలో వెనక్కి వాలి వెళ్ళిపోయాడు. అంత సిస్టంగా పోయినవాళ్ళను నేను చూడలేదు.

భూస్థాపనకు పెట్టె ఎత్తేటప్పుడు నేను పట్టుబట్టి ముందు కుడివైపు పట్టుకున్నాను. నాకు అప్పటికే మోకాలు నొప్పి. ఎవరికీ చెప్పలేదు. బరువు మోసేవాడి మీదే పెడతారని ఆయన అన్న మాట ఆ రోజు నా భుజం మీద ఉంది. వాకిలి దాటి నాలుగడుగులు వేశామో లేదో, వెనక నుంచి ఈల వినిపించింది. గూడ్సుబండిని ఆపే ఈల.

అందరం ఆగిపోయాం. పాస్టరు గారు బైబిలు జారవిడవబోయి పట్టుకున్నారు. అరుగు మీద అక్క నిలబడి ఉంది. నోట్లో బావ ఈల. ఎత్తిన చేతిలో ఎర్రగుడ్డ. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతోనే మా కాళ్ళు వరసగా చూస్తోంది.

"ముందు కుడికాలు" అంది. "తల ఎగరేస్తా ఉన్నాడు. వాణ్ణి తప్పించండి."

నన్ను తప్పించారు. నా చోట ఎవరో పడుచువాడు భుజం పెట్టాడు. నేను పక్కకు వచ్చి అక్క దగ్గర నిలబడ్డాను. ఆమె ఇంకోసారి అందరి కాళ్ళూ చూసుకుంది. ఎర్రగుడ్డ మడిచి నా చేతిలో పెట్టి, కొంగున ఉన్న పచ్చగుడ్డ తీసి, మెల్లగా ఊపింది.

పెట్టె కదిలింది. చివరి మనిషి గేటు దాటేదాకా అక్క చూస్తూనే ఉంది. దాటాక, పక్కనున్న నాకు కూడా సరిగ్గా వినపడనంత చిన్నగా, "ఆల్ రైట్" అంది.